బిన్ కార్డు

మూసేస్తున్నామని నోటీసు అంటించిన రోజు
ధనకోటి దాని ముందు నిలబడి
టిఫిన్ డబ్బా మూత బిగించుకుంటూ
"మైదా జిగురు, సాయంత్రానికి ఊడిపోతుంది" అన్నాడు.
ఊడలేదు.

ఆవడిలో రైలు దిగి
గోడ పట్టుకుని నడిస్తే
పద్దెనిమిది నిమిషాల గోడ మాది.
లోపల ఏముందో ఇరవయ్యారేళ్లు ఇంట్లో చెప్పలేదు.
చెప్పడానికేముంది?
గుడారాలు, గొంగళ్లు, బకెట్లు,
ఏ యుద్ధమూ చూడని పదకొండు వేల సత్తు గిన్నెలు.
అయినా ఆ గోడ వల్ల
మా ఆవిడ నన్ను కాస్త భయంగానే చూసేది.
నేనూ చూడనిచ్చాను.

ఆఖరి మూడు నెలలూ లెక్కలే.
ప్రతి సరుకుకీ ఒక బిన్ కార్డు:
వచ్చినవి, పోయినవి, మిగిలినవి.
మిగిలినవాటి మీద ఎర్ర సిరాతో
'సర్‌ప్లస్' అని రాయాలి.
నీ దస్తూరి బాగుంటుందని ఆ పని నాకిచ్చారు.

క్యాంటీన్‌లో బల్లలు కలిపి
మాకోసం శిబిరం పెట్టారు.
మా చిన్నవాడి ఈడు కుర్రాడు, మంచివాడే,
ఫారం ముందుంచుకుని
"మీకేం వచ్చు సార్?" అన్నాడు.

తార్పాలిన్ వాసన చూసి
ఏ ఏడు నేసిందో చెప్తాను.
కరెంటు పోయినా
ఏ తాళంచెవి ఏ షెడ్డుదో వేలికి తెలుసు.
చెదలు ఏ మూల నుంచి మొదలవుతాయో తెలుసు.
కుర్రాడు పెన్ను ఆపి
"కంప్యూటర్?" అన్నాడు.
"కొంచెం."
ఫారంలో 'కొంచెం'కి గడి లేదు.

ధనకోటికి శ్రీపెరుంబుదూరులో గోదాం ఇప్పించారు.
రెండు బస్సులు, ఒక షేర్ ఆటో.
కీచుమనే మిషన్ చేతికిచ్చి
లెక్క అదే చూసుకుంటుందన్నారట.
పదకొండో రోజు తిరిగొచ్చేశాడు.
"నేనెందుకు మరి?" అని
వాణ్ణి అడగాల్సిన మాట నన్నడిగాడు.

మొగిలమ్మ పేరు ఏ లిస్టులోనూ లేదు.
కాంట్రాక్టు మనిషి, గడ్డి కోసేది.
గోనెసంచిలో కొడవలి చుట్టుకుని
శిబిరం గుమ్మంలో కూర్చునేది, టీ కోసం.

ఆ వేళ నగరం నుంచి ఇంజనీర్లొచ్చారు.
బల్ల మీద పెద్ద మ్యాపు పరిచి
నాలుగో షెడ్డు ఐటీఐ అవుతుందని,
ఇదిగో ఇక్కడ పిల్లల ఆటస్థలమని
వేలు పెట్టి చూపించారు.
గుమ్మంలోంచి మొగిలమ్మ
మ్యాపు వైపు చూడకుండానే
"ఏడో షెడ్డు ఎనక కదా? ఆడ గడ్డి మొలవదు" అంది.

అందరూ తిరిగి చూశారు.

"ముప్పై ఏండ్లుగా కోస్తా ఉండా.
ఆడ కొడవలికి పనే లేదు.
నల్లనూనె పోసేటోళ్లు, బ్యాటరీ నీళ్లు పోసేటోళ్లు.
వాన పడితే రంగురంగులుగా తేలుతుంది.
మేకను కూడా పోనియ్యను నేను."

తర్వాత ఆమె ముందు, బూట్లు వెనక.
మడమతో నేలను తట్టి
ఇక్కడ గుంత, ఇక్కడ బండ కింద పూడ్చిన బావి,
ఇది కాదు, ఇంకో నాలుగడుగులు.
సాయంత్రానికి పద్నాలుగు ఎర్రజెండాలు పాతారు.
అందులో తొమ్మిది మ్యాపుకి తెలియవు.

కుర్రాడు కొత్త ఫారం తీశాడు.
'మీకేం వచ్చు' అన్న చోట
చాలాసేపు ఏమీ రాయలేదు.
ఆమె మాత్రం ముందు కూలి ఎంతో అడిగింది.

ఇప్పుడు గోడకి ఒకచోట గండి కొట్టి
లారీల దారి చేశారు.
మా ఆవిడ మార్కెట్ నుంచి వస్తూ ఆగి,
గండిలోంచి తొంగి చూసి,
"ఇంతేనా?" అంది.
ఇంతే.

చెడ్డ మన్ను తవ్వి పంపిస్తున్నారు.
లారీలు లెక్కపెట్టడానికి నన్ను ఆర్నెల్లు ఉంచుకున్నారు.
అలవాటు కొద్దీ మన్నుకీ ఒక బిన్ కార్డు తెరిచాను.
వచ్చినవి: తేదీ తెలియదు.
పోయినవి: రెండువందల పన్నెండు లోడ్లు.
మిగిలినవి దగ్గర పెన్ను ఆగిపోయి
మొగిలమ్మని కేకేశాను.

ఆమె వంగి, పిడికెడు తీసి, వాసన చూసి,
కొంగుకి చెయ్యి తుడుచుకుంది.
"వాన పడనీ," అంది,
"గడ్డి చెప్తుంది."